బుట్ట అడుగున తాలుకాయలు

"ఎంతమందండీ?" అని అడిగింది తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి.

"ఒక్కదాన్నే" అన్నాను.

"ఒక్కరేనా?" అంటూ నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తొంగి చూసింది. ఎవరూ లేరమ్మా తల్లీ, ఉంటే నేనే చెబుతాను కదా! ఒంటరిగా భోజనానికి వెళ్ళినప్పుడల్లా ఈ ప్రశ్న నాకు రెండుసార్లు పడాల్సిందే. ఆఫీసు పని మీద ఒక్క పూట కోసం గుంటూరు వచ్చాను. మంచి భోజనం దొరికేచోట దింపవయ్యా అంటే, "పాత గుంటూర్లో కొత్త హోటల్ పెట్టారు మేడమ్, జనం ఎగబడి తింటున్నారు" అని ఆటో అతను తెచ్చి ఇక్కడ దింపాడు.

దిగాక కూడా గుర్తుపట్టలేదు. సందు మొగలో సెల్‌ఫోన్ల కొట్లు, పైన అమ్మాయిల హాస్టల్ బోర్డులు, ఎదురుగా స్కానింగ్ సెంటర్. గుమ్మం పక్కన వెదురుబుట్ట, దాన్నిండా ఎండుమిరపకాయలు కనిపించాకే తల ఎత్తి మేడ చూశాను. పైన మూల గది కిటికీకి ఇనుప ఊచలు అవే. నేను పెరిగిన గది అది. ఆకుపచ్చ రంగు కొట్టారు.

లోపల పాత కాటా ఒకటి గొలుసులతో వేలాడదీశారు, ఫొటోలు తీసుకోవడానికి. గోడ మీద తలపాగా చుట్టుకున్న రైతు బొమ్మ. మా వీధిలో తలపాగా కట్టినవాళ్ళను నేను ఎక్కువగా చూడలేదు, అందరివీ భుజం మీద తువ్వాళ్ళే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే అనుకున్నాను. కోపం వచ్చింది. కోపమొచ్చినా ఆకలేస్తోంది కాబట్టి కూర్చున్నాను.

నా చిన్నప్పుడు ఈ వీధి పొడుగునా మిర్చి కొట్లే. ముందు వసారా, వెనక గోదాము, పైన మేడ. మాఘమాసం దాటితే చాలు, పల్నాడు నుంచీ ఒంగోలు వైపు నుంచీ లారీలూ ట్రాక్టర్లూ వచ్చి సందులో ఇరుక్కునేవి. బస్తాలు దింపే హమాలీల కేకలు, తడి గోనెల వాసన, చుట్టల కంపు, వీటన్నిటి మీదా మిరపకాయ ఘాటు. ఆ ఘాటు దుప్పట్లలో ఉండేది, మంచినీళ్ళ కుండలో ఉండేది, మా జడల్లో ఉండేది. బళ్ళో నా పక్కన కూర్చోవడానికి పిల్లలు వంతులేసుకునేవాళ్ళు, ఎవరు తప్పించుకోవాలా అని.

అయితే మా వీధివాళ్ళకి తుమ్ము రాదు. పుట్టిన దగ్గర్నుంచీ పీల్చిన గాలి కదా. బయటివాళ్ళెవరైనా సందు మొగలో అడుగు పెట్టారో లేదో హాచ్, హాచ్ మని మొదలుపెట్టేవాళ్ళు. మాకదే ఆట. కింద కొట్టు షావుకారు గారి మనవరాలూ నేనూ ఒక ఈడువాళ్ళం. కొత్త మనిషి కనిపిస్తే చాలు, ఏమీ ఎరగనట్టు వెళ్ళి అతని ముందు ఖాళీ గోనెసంచి దులిపేవాళ్ళం. ఓసారి ఒక ఇన్సూరెన్సు ఆయన కళ్ళజోడు ఊడిపడేదాకా తుమ్మాడు. అది ఏరి ఇచ్చి "నమస్కారమండీ" అన్నాం కూడా.

"ఈ వీధిలో తుమ్మినోడు చుట్టం, తుమ్మనోడు మనోడు" అనేది మా అత్త.

అత్త అంటే మా నాన్నకి అక్క. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నాన్న లారీ మీద కలకత్తా, బొంబాయి తిరిగేవాడు. నన్ను తెచ్చి అత్త దగ్గర పడేశాడు. ఆమెకి పిల్లల్లేరు, మామయ్య నేను పుట్టకముందే పోయాడు. ఆమెకున్నదల్లా షావుకారు గారి గోదాము పక్కన రెండు పొయ్యిల వంటిల్లు, మేడ మీద ఒక గది, ఒక పెద్ద నోరు. ఆ నోటికి జడిసి వీధి కుక్కలు కూడా పక్క సందులోంచి పోయేవి.

సరుకు తెచ్చిన రైతుకి అన్నం పెట్టించడం షావుకారు వంతు. ఆ అన్నం వండేది మా అత్త. కాయ కాటా వేసేదాకా రైతు ఒక రోజో రెండు రోజులో ఇక్కడే పడి ఉండేవాడు. మధ్యాహ్నమయ్యేసరికి వసారాలో పంక్తులు లేచేవి. ముద్దపప్పు, గోంగూర, దోసకాయ కూర, చారు, గడ్డపెరుగు కాదుగానీ చిక్కటి మజ్జిగ. నేను ఉప్పు వడ్డించేదాన్ని, విస్తళ్ళు వేసేదాన్ని, అడ్డదిడ్డంగా వేశానని తిట్లు తినేదాన్ని.

తిని లేచిన రైతు చెయ్యి కడుక్కుని, తన సరుకులోంచి పిడికెడు మేలైన కాయలు ఏరి తెచ్చి గుమ్మం పక్కనున్న వెదురుబుట్టలో వేసి పోయేవాడు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. వేయకుండా పోయినవాణ్ణీ నేను చూడలేదు. అత్తకి వాళ్ళ అత్తగారి నాటి నుంచీ ఉన్న ఆచారమట. బుట్ట నిండితే ఆ కాయలు మేడ మీద ఎండబోసి, అత్త ఏడాదికి సరిపడా కారం కొట్టించేది. వాళ్ళ కాయలు మళ్ళీ వాళ్ళ పప్పులోకే పోయేవి.

వాళ్ళలో ఒకాయన్ని నేను బాబాయి అనేదాన్ని. సత్తెనపల్లి అవతల ఏదో పల్లె. అత్తని నోటి మీద ఎదిరించగలిగిన మగవాడు ఆయనొక్కడే.

"అక్కాయ్, పప్పులో ఉప్పు మర్చిపోయినట్టున్నావే!"

"నీ నాలిక్కి చుట్ట పొగ తప్ప ఇంకోటి తెలిసి చస్తే గదరా! ఏమే, వాడి విస్తట్లో గుప్పెడు ఉప్పు పొయ్యి!"

నేను నిజంగానే పోసేదాన్ని. ఆయన ఉప్పంతా ఓ పక్కకి నెట్టి, "బుడ్డమ్మా, మీ అత్తకి నోరుంది, నీకు చేతులున్నాయి, ఇంక నేనెట్టా బతికేది?" అని నవ్వేవాడు. లుంగీ మడతలోంచి ఎప్పుడూ ఒక జామకాయో, నాలుగు రేగుపళ్ళో తీసి నాకిచ్చేవాడు. వాటికీ మిరపకాయ వాసనే.

వీధి ఒక్కసారిగా పోలేదు. ముందు ఎదురు వరసలో పెద్ద కొట్టు ఊరి బయట మిర్చి యార్డుకి దగ్గరగా వెళ్ళిపోయింది. తర్వాత దాని పక్కది. రోడ్డు వెంట కోల్డ్ స్టోరేజీలు లేచాయి, లారీలు ఊళ్ళోకి రావడం మానేశాయి. సందులో లారీ తిరగదు, యార్డులో వంద లారీలు తిరుగుతాయి, ఎవర్ని తప్పు పట్టగలం? ఒక్కో తలుపుకీ తాళం పడుతుంటే అత్త మాత్రం, "పోనీ, కాస్త గాలాడుద్ది" అనేది. వండే బియ్యం మాత్రం తగ్గించలేదు.

చివరికి మా షావుకారు గారూ కదిలారు. ఆయన మంచివాడే. వెళ్ళేముందు రోజు వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, నువ్వున్నన్నాళ్ళు నీ గదీ, ఈ వంటిల్లూ నీవే. నేనెవ్వరికీ ఇవ్వను" అన్నారు.

"గది నాదైతే సరిపోద్దా బాబుగారూ? తినేవాళ్ళేరీ?" అంది అత్త.

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. మనవరాలు సామాన్ల వ్యాను ముందు సీట్లో కూర్చుని నాకు చెయ్యి ఊపింది. ఆదివారం ఆదివారం వస్తానంది. ఆ ఆదివారం రాలేదు, తర్వాతదీ రాలేదు. నేను ప్రతి ఆదివారం తలంటుకుని కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. చాలా నెలలకి వచ్చింది, కొత్త గౌను వేసుకుని. నేను మెట్లు దూకుతూ దిగాను. అది గోదాములోకి రాగానే ముక్కు నలుపుకుంది. ఆపుకుందామని చూసింది. హాచ్ మని తుమ్మింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను నవ్వాను, నవ్వాలి కాబట్టి. దానికి సిగ్గేసి ఏడుపు మొహం పెట్టింది. మేం ఎంతమందిని చూసి అలా నవ్వామో దానికీ తెలుసు. ఆ రోజు గోనెసంచుల జోలికి పోకుండా మేడ మీద కూర్చుని ఊరికే కబుర్లు చెప్పుకున్నాం. అది మళ్ళీ రాలేదు.

వీధిలో ఇక పిల్లలంటూ ఉంటే నేనే. బడి నుంచి వచ్చి తాళాలేసిన తలుపుల మీద కర్రతో గీసుకుంటూ నడిచేదాన్ని. ఆ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. అంత ఖాళీ వీధిలో ఒక పిల్ల ఒక్కతే ఉంటే ఎలా ఉంటుందో ఇప్పటికీ నాకు సరిగ్గా చెప్పడం రాదు. భయం కాదు. ఎవరైనా వచ్చి తిడితే బాగుండుననిపించేది.

ఆ ఏడు కూడా బాబాయి వచ్చాడు. "కాయ యార్డులోనే అమ్ముకున్నా అక్కాయ్. అన్నానికి మాత్రం ఇటొచ్చా" అన్నాడు. తువ్వాల్లో మూటగట్టి తెచ్చిన కాయలు బుట్టలో పోసి, ఖాళీ వసారాలో ఒక్కడే కూర్చుని తిన్నాడు. అత్త ఉప్పు సంగతి ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ, "వచ్చే ఏడు పత్తేద్దామనుకుంటున్నా" అన్నాడు. పత్తి వేశాడో ఏమయ్యాడో, మరుసటి ఏడు రాలేదు. ఆ తర్వాత ఆయన సంగతేమిటో మాకు ఎవరూ చెప్పలేదు.

ఆయన రాని ఆ వేసవిలోనే ఒక పొద్దున నాన్న వచ్చాడు. చద్దన్నం తింటూ అత్తతో అన్నాడు.

"ఎవరి కోసం వండుతున్నావక్కా? మూసెయ్. చిలకలూరిపేట రోడ్డులో కాలేజీ హాస్టల్‌కి వంటమనిషి కావాలంట, ఉండటానికి చోటు కూడా ఇస్తారంట. పిల్లని ఇక్కడే ఏదన్నా హాస్టల్లో వేద్దాం."

"ఈ వేసవి చూద్దాంరా" అంది అత్త. "మళ్ళీ నలుగురు రైతులు రావడం మొదలుపెడితే నేను కదిలేదే లేదు. దీన్ని ఎక్కడికీ పంపేదీ లేదు."

నేను తలుపు చాటున జడ అల్లుకుంటున్నాను. నాకు అర్థమైంది ఒక్కటే. నలుగురు రైతులు వస్తే నేను అత్త దగ్గరుంటాను, రాకపోతే ఉండను.

రైతులు రాలేదు. ఈలోగా షావుకారు గారి కొత్తింట్లో ఆవకాయలు పెడుతున్నారు రమ్మంటే అత్త మధ్యాహ్నం పూట వెళ్ళడం మొదలుపెట్టింది. వంట చేసిపెట్టి, "ఎవరన్నా వస్తే వడ్డించు, అడ్డదిడ్డంగా వెయ్యకు" అని చెప్పి పోయేది. మొదటి రోజు తిరిగొచ్చి, చెప్పులైనా విడవకుండా అడిగింది.

"ఎవరన్నా వచ్చారా?"

"లేదు" అన్నాను. ఆమె వంటింట్లోకి పోయింది. అన్నం గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ మూత పెట్టింది. ఆ మూత పెట్టడం నేను చూడలేకపోయాను.

మర్నాడు ఆమె అటు వెళ్ళగానే గిన్నెడు అన్నం, పప్పుతో సహా, వెనక సందులో పాలు పోసే ఆమె గేదెకి పెట్టేశాను. గేదె ఎంత ఇష్టంగా తిందో! రైతులు తిన్నారంటే పారేసిన విస్తళ్ళు కూడా కనపడాలి కదా. రెండింటికి కాస్త పప్పు పూసి మడిచి పారేశాను. మరి బుట్ట? తిన్న రైతు కాయలు వేయకుండా పోడు. పరిగెత్తాను. యార్డుకి పోయే రోడ్డులో లారీలు కుదుపులకి రాల్చుకుంటూ పోయిన కాయలుంటాయి. ఎండలో రోడ్డు వార ఏరాను. ఎర్రవి కొన్నే దొరికాయి. మిగిలినవన్నీ తాలు, అంటే రంగు చచ్చి, తెల్లగా పాలిపోయి, గింజ సరిగ్గా పట్టని కాయలు. వాటినెవరూ ఏరుకోరు కాబట్టి కుప్పలుగా పడున్నాయి.

తాలు సంగతి నాకు తెలియక కాదు. మిర్చి వీధిలో పెరిగిన పిల్లకి తాలు తెలియకుండా ఉంటుందా? కొందరు దొంగ సరుకు తెచ్చేవాళ్ళు బస్తాలో అడుగున తాలు వేసి, పైన ఎర్రకాయ పరుస్తారని కూడా తెలుసు. నేనూ అదే చేశాను. అడుగున తాలు, పైన ఎర్రవి.

"ఇద్దరొచ్చారత్తా! పల్నాటోళ్ళు! పప్పు బాగుందన్నారు!"

అత్త మొహం ఎలా వెలిగిందో! "చూశావా, నేను చెప్పలా! అలవాటైన నోళ్ళు యాడికి పోతాయి?" అంటూ మర్నాడు ఇంకో గిద్దెడు బియ్యం ఎక్కువ పోసింది. ఆవకాయ పని అయ్యేదాకా నేను రోజూ రైతుల్ని రప్పించాను. గేదె మా గుమ్మం దాకా నడిచి వచ్చి నిలబడటం నేర్చుకుంది.

పని అయిపోయిన రోజు అత్త బుట్ట ముందు కూర్చుంది, కాయలు ఎండబోద్దామని. పైపైన తీయలేదు. షావుకారు గారు బస్తాలో చెయ్యి దూర్చినట్టు, మోచేతి దాకా దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీసింది. గుప్పిట విప్పి చూసుకుంది.  వీపు చిట్లుతుందని సిద్ధంగా ఉన్నాను.

"నిన్న ఎంతమంది తిన్నారే?" అంది నెమ్మదిగా.

"ముగ్గురు."

"మజ్జిగ కూడా పోశావా?"

"పోశా."

"గేదె మజ్జిగ తాగిందా మరి?"

 పాలామె అప్పటికే చెప్పేసిందన్నమాట. అత్త నోట్లో నువ్వుగింజ నానదు, అలాంటిది ఎన్నాళ్ళ నుంచి నానబెట్టిందో.

"రైతు తాలుకాయ పెట్టిపోతాడంటే పిచ్చిదానా? కడుపు నిండినోడు మేలైన కాయే పెడతాడు. ఎండలో ఎంత దూరం పోయావో..." అంటూ నా చెయ్యి లాక్కుని చూసింది. గోళ్ళ సందుల్లో ఎర్ర దుమ్ము.

"నన్ను హాస్టల్లో వెయ్యొద్దత్తా" అన్నాను. అంతే, ఏడుపు ముంచుకొచ్చింది. ఆమె నన్ను దగ్గరకి తీసుకోలేదు, ఆమెకి అలాంటివి చేతకావు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. కాసేపటికి లేచి, ఆ బుట్టలో ఉన్నదంతా, తాలుతో సహా, రోట్లో పోసింది. చింతపండూ వెల్లుల్లీ వేసి పచ్చడి నూరింది.

రెండు విస్తళ్ళు వేసింది, ఎదురెదురుగా. ఒకదాని ముందు నన్ను కూర్చోబెట్టి, రెండోదాని ముందు తనే కూర్చుంది. అందరూ తిన్నాక వంటింట్లో నిలబడి నాలుగు మెతుకులు నోట్లో వేసుకోవడమే తప్ప అత్త విస్తరి ముందు కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. అంత పెద్ద వసారాలో మేమిద్దరమే.

పచ్చడి పాలిపోయిన రంగులో ఉంది. నోట్లో పెట్టుకుంటే ఉప్పూ పులుపే గానీ కారం లేదు. ఆ కాసిని ఎర్రకాయలు ఏ మూలకి, తాలుకి ఘాటెక్కడిది? అత్త ముద్ద వెనక ముద్ద అదే కలుపుకుని తింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏంటత్తా?"

"కారమే" అంది. "ఘాటుగా ఉందే తల్లీ."

నేనూ ఘాటుగా ఉందనే అన్నాను. ఇద్దరం ముక్కులు ఎగబీల్చుకుంటూ ఆ చప్పటి పచ్చడి ఊడ్చుకుని తిన్నాం.

బళ్ళు తెరిచే వేళకి నేను హాస్టల్లో ఉన్నాను. బారులు తీరిన బల్లల మీద వందలమంది పిల్లల మధ్య తింటూ నేను ఒంటరిదాన్నే. అత్త చిలకలూరిపేట రోడ్డులో కాలేజీ పిల్లలకి వండింది. పండక్కీ పబ్బానికీ వచ్చేది, నన్ను చూసి "చిక్కిపోయావే, ఏం పెడుతున్నారే వీళ్ళు నీకు!" అని వార్డెన్‌కి వినబడేలా తిట్టేది. నాకు ఉద్యోగం వచ్చాక నా దగ్గరే ఉండమంటే, నీళ్ళు పడవంది. నేను గట్టిగా పట్టుబట్టలేదు. ఆమె పోయి చాలా కాలమైంది. ఈ వీధికి మళ్ళీ ఇద్దరం కలిసి ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు నా ముందు అరిటాకు పరిచారు. గోంగూర, ముద్దపప్పు, ఎర్రగా నిగనిగలాడే పండుమిరప పచ్చడి. ఏమాటకామాటే చెప్పాలి, వంట బాగుంది. వీధికి మళ్ళీ జనం వచ్చారు, పంక్తులు మళ్ళీ లేస్తున్నాయి. అత్త ఉంటే సంతోషించేదా, గరిటె పట్టుకుని వంటింట్లోకి జొరబడేదా తెలియదు. కూర్చున్న చోట నుంచి గుమ్మం పక్కన బుట్ట కనిపిస్తోంది. అన్నీ ఒకే రంగు, ఒకే పొడుగు కాయలు. తింటున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి, చెయ్యి తుడుచుకుని, దాని పక్కనుంచే వెళ్ళిపోతున్నారు. ఎదుటి కుర్చీలో నా సంచి పెట్టుకున్నాను.

లోపల ఎవరో పోపులో మిరపకాయలు వేసినట్టున్నారు. ఘాటు గుప్పున వచ్చింది. ఎన్నాళ్ళకి! కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చాను.

తుమ్ము వచ్చింది. ఆపుకుందామని చూశాను, ఆగలేదు. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూసేంత పెద్ద తుమ్ము. దాని వెనకే ఇంకొకటి.

తలుపు దగ్గర అమ్మాయి మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, నెమ్మదండీ! మా గుంటూరు ఘాటు కొత్తవాళ్ళకి ఇట్టాగే ఉంటుంది. ఏ ఊరండీ మీది?"

ఈ ఊరేనమ్మా, ఈ వీధే, ఆ పై గదే అని చెప్పబోయాను. చెయ్యి ఎత్తి పైకి చూపించబోయాను కూడా. ఈలోగా మళ్ళీ తుమ్ము వచ్చింది.